బొమ్మ పట్టాలపై మన చిన్న రైలు.. పాత ఇంజిన్ కొనేముందు ఇవి చూడాలి

పాతపట్నం: నౌపడ - గుణుపూర్ నారోగేజి మార్గంలో చిన్న రైలు 2004లో ఆగిపోయింది. బొగ్గు ఇంజిన్లు అంతకు దశాబ్దం ముందే, 1990ల ఆరంభంలో, డీజిల్ ఇంజిన్లకు చోటిచ్చి తప్పుకున్నాయి. టెక్కలి, తెంబూరు, పాతపట్నం స్టేషన్లలో ఆవిరి చిమ్ముతూ నిలిచిన ఇంజిన్‌ను కళ్లారా చూసిన చివరి తరం పిల్లలు ఇప్పుడు నడివయసుకు చేరారు. మార్గం బ్రాడ్‌గేజిగా మారి 2011 నాటికి గుణుపూర్ వరకు పెద్ద రైలు వచ్చింది. అది సౌకర్యమే. అయితే పాత రైలును ఇంట్లో బల్లమీదనైనా మళ్లీ నడిపించుకోవాలని ఉబలాటపడేవారు ఏం చేయాలి? ఏ ఇంజిన్ కొనాలి? ఎక్కడ మోసపోయే ప్రమాదముంది?

నమూనా రైళ్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. అందంగా కనిపించిన ఇంజిన్‌ను ముందు కొంటారు. దానికి తగిన పట్టాలు, కరెంటు, పెట్టెలు తరువాత వెదుక్కుంటారు. మన ప్రాంతపు రైలు విషయంలో ఈ పద్ధతి అసలు పనికిరాదు. కారణం తెలియాలంటే అసలు రైలు కొలతలు కొంచెం చూడాలి.

రెండున్నర అడుగుల దారి

పర్లాకిమిడి లైట్ రైల్వే 1900 ఏప్రిల్ 1న మొదలైంది. కలకత్తా - మద్రాసు ప్రధాన మార్గంలోని నౌపడ నుంచి తమ రాజధానికి దారి వేసుకోవాలని పర్లాకిమిడి రాజావారు తలపెట్టారు. సుమారు 40 కిలోమీటర్ల మార్గానికి అప్పట్లో అయిన వ్యయం రూ.7 లక్షలు. తొలి ఏళ్లలోనే నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. మొదట నష్టాలు చూసిన ఈ రైలు తరువాత లాభాల బాట పట్టింది. 1929 - 31 మధ్య రెండు దశల్లో గుణుపూర్ వరకు పొడిగించారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయాయి. సరిహద్దు మారినా రైలు మాత్రం రెండువైపులా తిరుగుతూనే ఉంది.

ఈ మార్గంలో రెండు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. అంటే 762 మిల్లీమీటర్లు. నేటి బ్రాడ్‌గేజి దూరం 1,676 మిల్లీమీటర్లు. చిన్న రైలు గేజి అందులో సగం కూడా లేదు. పెట్టెలు, ఇంజిన్లు, వంతెనలు, ప్లాట్‌ఫారాలు అన్నీ ఆ మేరకే చిన్నవి. నౌపడ ఉప్పు కొఠార్ల సరుకైనా, లోపలి ప్రాంతం నుంచి వచ్చే సరుకైనా నౌపడ జంక్షన్‌లో ఒక రైలు నుంచి దింపి మరో రైలుకు ఎక్కించవలసి వచ్చేది. గేజి తేడా అంటే అంత పని.

బొమ్మ రైలులోనూ ఇదే చిక్కు వస్తుంది.

స్కేలు వేరు, గేజి వేరు

నమూనా రైళ్లలో రెండు మాటలు తరచూ కలిసిపోతాయి. స్కేలు అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు కుదించారన్న లెక్క. గేజి అంటే బొమ్మ పట్టాల మధ్య దూరం. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే హెచ్‌వో స్కేలు 1:87. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో వాడుకలో ఉన్న డబుల్ ఓ స్కేలు 1:76. పట్టాలు మాత్రం అవే 16.5 మిల్లీమీటర్లు. ఈ కొలత అసలు రైళ్లలో 1,435 మిల్లీమీటర్ల గేజిని ఉద్దేశించినది. మన బ్రాడ్‌గేజిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే హెచ్‌వో పట్టాలపై మన పెద్ద రైలు నమూనా పెడితే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంటుంది.

చిన్న రైలుకు ఈ లెక్క చక్కగా కలిసివస్తుంది. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది. బజారులో 9 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి. పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. 1:87 స్కేలులో 9 మిల్లీమీటర్ల పట్టాలపై నడిచే నారోగేజి నమూనాలను హెచ్‌వో-ఈ అని పిలుస్తారు. ఆస్ట్రియా దేశపు కొండ రైళ్ల గేజి 760 మిల్లీమీటర్లు. మన చిన్న రైలుకూ దానికీ తేడా రెండు మిల్లీమీటర్లే. ఆ దేశపు ఇంజిన్ల నమూనాలను లిలిపుట్, రోకో వంటి సంస్థలు దశాబ్దాలుగా తయారు చేశాయి. ఆస్ట్రియాలో 1894 నుంచి తిరిగిన యూ తరగతి ట్యాంకు ఇంజిన్ నమూనా పాత సరుకులో తరచుగా కనిపిస్తుంది. జర్మనీ సంస్థ ఎగర్‌బాన్ 1963లో మొదలై నాలుగేళ్లకే మూతపడింది. దాని బుల్లి ఇంజిన్లు నేటికీ సేకరణకర్తల చేతులు మారుతున్నాయి. కానీ అవి మరీ చిన్నవి. మోటారు అరిగితే మరమ్మతు కష్టం. లేఅవుట్‌లో రోజూ నడపాలనుకునేవారు వాటి జోలికి పోకపోవడమే మేలు.

రెండో దారి ఇంకా ఆసక్తికరం. శ్రీకాకుళం జిల్లాలో ఉండి మరమ్మతులు కూడా సొంతంగా చేసుకోవాలనుకునేవారికి ఇదే సరైనదని చెప్పవచ్చు. స్కేలును 1:48కి పెంచితే 762 మిల్లీమీటర్లు 15.9 మిల్లీమీటర్లవుతాయి. అంటే మామూలు హెచ్‌వో పట్టాలకు అర మిల్లీమీటరు పైచిలుకు తేడా. పట్టాలు, చక్రాలు, మోటారు మామూలు హెచ్‌వో లేదా డబుల్ ఓ ఇంజిన్‌వి. పైన ఉండే ఒళ్లు, అంటే బాయిలరు, పొగగొట్టం, డ్రైవరు గది మాత్రం 1:48 స్కేలులో పెద్దవిగా తయారు చేసుకోవాలి. ఉదాహరణకు బ్రిటన్‌లో ట్రై-యాంగ్ సంస్థ పెద్ద సంఖ్యలో తయారు చేసిన జింటీ అనే ఆరు చక్రాల ట్యాంకు ఇంజిన్‌ను తీసుకుందాం. దాని చక్రం వ్యాసం సుమారు 18 మిల్లీమీటర్లు. 1:48 లెక్కన అది 86 సెంటీమీటర్ల చక్రం అవుతుంది. నారోగేజి ఇంజిన్‌కు నప్పే కొలతే. పైతొడుగు విరిగి, రంగు పోయి, పెట్టె లేక చవకగా అమ్మే ఇంజిన్ ఇక్కడ బంగారమే. ఎందుకంటే మనకు కావలసింది దాని అడుగుభాగం మాత్రమే.

ఈ మార్గంలో తిరిగిన ఇంజిన్ల నమూనాను పెద్ద సంస్థల జాబితాల్లో వెదకడం వృథా ప్రయాస. ఎంత డబ్బు పోసినా పెట్టెలో పెట్టి ఇచ్చేవారు లేరు. ‘భారతీయ నారోగేజి’ అని చీటీ అంటించి డార్జిలింగ్ తరహా బొమ్మను ఎక్కువ ధరకు చూపిస్తే తొందరపడరాదు. డార్జిలింగ్ రైలు గేజి రెండు అడుగులే. అది వేరే కథ.

పాతదంటే ఎంత పాతది?

పాత నమూనా ఇంజిన్లన్నీ ఒక్క కోవకు చెందవు. హార్న్‌బీ సంస్థ 1920లో కీ ఇచ్చి నడిపే ఓ గేజి రైళ్లతో మొదలుపెట్టింది. 1938లో హార్న్‌బీ డబ్లో పేరిట విద్యుత్ రైళ్లు తెచ్చింది. వాటికి మూడు పట్టాలు. మధ్య పట్టా నుంచి కరెంటు అందుతుంది. 1959 నుంచి రెండు పట్టాల డబ్లో ఇంజిన్లు వచ్చాయి. 1960ల మధ్యలో డబ్లో, ట్రై-యాంగ్ ఒకే గూటికి చేరాయి. జర్మనీ సంస్థ మార్క్‌లిన్‌ది మొదటి నుంచీ ప్రత్యేక మార్గం. దాని హెచ్‌వో రైళ్లు ఏసీ కరెంటుతో, మధ్య స్పర్శతో నడుస్తాయి.

కొనుగోలుదారుకు ఈ చరిత్రతో పనేమిటంటారా? మూడు పట్టాల ఇంజిన్‌లో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య విద్యుత్ నిరోధం ఉండదు. దాన్ని తెచ్చి రెండు పట్టాల దారిపై పెట్టిన క్షణమే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. విక్రేత ‘కొత్తదానిలా నడుస్తుంది’ అని చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. అతని పట్టాలపై నడుస్తుంది, మన పట్టాలపై నడవదు. మల్టీమీటరు ముల్లులు రెండు వైపుల చక్రాలకు తాకించి చూస్తే చాలు. నిరోధం దాదాపు సున్నా అని చూపిందంటే రెండు పట్టాలకు అది పనికిరాదు. దూరాన ఉన్న విక్రేతనైతే ఇదే పరీక్ష చేసి వీడియో పంపమని అడగాలి.

మరో చిక్కు డిజిటల్ నియంత్రణతో వస్తుంది. నేటి కొత్త లేఅవుట్లలో చాలావాటికి డీసీసీ అనే డిజిటల్ విధానం ఉంటుంది. పట్టాల్లో ఎప్పుడూ ఒక రకం ఏసీ కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. డీకోడరు లేని పాత ఇంజిన్‌ను వాటిపై నిలిపితే మోటారు గుయ్‌మంటూ వేడెక్కి చివరకు మాడిపోవచ్చు. పాత ఇంజిన్లతోనే నడుపుకోదలచినవారు మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలరు వాడుకోవడం సులువు, చవక కూడా.

చేతిలోకి తీసుకున్నాక..

ముందుగా అడుగుభాగపు లోహాన్ని వెలుతురులో పరిశీలించాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కొన్ని జింక్ మిశ్రమ పోతల్లో సీసం వంటి మలినాలు కలిశాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలి నుంచే పగుళ్లు తీస్తుంది, ఉబ్బుతుంది, చివరకు బిస్కెట్‌లా పొడిపొడి అవుతుంది. దీన్ని జింక్ తెగులు అంటారు. మందు లేదు. వేడి, చెమ్మ ఉన్నచోట ఇది త్వరగా ముదురుతుంది. మన తీర ప్రాంతపు వాతావరణం అటువంటిదే. అడుగుభాగం కొద్దిగా వంగినట్లున్నా, చక్రాలన్నీ ఒకేసారి పట్టాను తాకకపోయినా, మూలల్లో సన్నని పగుళ్లున్నా ఎంత అరుదైన ఇంజిన్ అయినా వదులుకోవాలి. ఈ ఒక్క విషయంలో బేరం మాట తలపెట్టరాదు.

తరువాత మోటారు. ట్రై-యాంగ్ ఇంజిన్లలో వాడిన ఎక్స్‌-04 రకం మోటారు బయటికి కనిపించేలా ఉంటుంది. కార్బన్ బ్రష్‌లు, స్ప్రింగులు విడిగా మార్చుకోవచ్చు. విడిభాగాలు నేటికీ తయారవుతున్నాయి. ఇంజిన్‌ను తలకిందులు చేసి 12 వోల్టులు ఇస్తే ఖాళీగా అర ఆంపియరు దరిదాపులో కరెంటు తీసుకుంటూ తిరగాలి. ఆంపియరు దాటుతున్నా, వేగం విపరీతంగా ఉండి నిమిషంలోనే వేడెక్కుతున్నా అయస్కాంతం బలం తగ్గిందని అనుమానించాలి. అయస్కాంతానికి తిరిగి బలం పట్టించే ఏర్పాటు ఉంది కానీ, మన దగ్గర అది దొరకడం కష్టం. మరో జాగ్రత్త.. శుభ్రం చేస్తామంటూ పాత మోటారు నుంచి ఆర్మేచరును ఊరికే బయటికి లాగకూడదు. ఆ రకం అయస్కాంతం మధ్య ఖాళీ ఏర్పడితే దాని శక్తి తగ్గిపోతుంది.

ఇక తీగలు మాడిన ఆర్మేచరు గురించి బెంగపడనవసరం లేదు. పంపుసెట్ల మోటార్లకు వైండింగ్ చేసే ఓపిక గల పనివాడికి చుట్ల సంఖ్య, తీగ మందం లెక్కపెట్టి ఇస్తే సాధ్యమయ్యే పనే. ఇలా బాగుచేసుకునే వీలుండటమే పాత ఇంజిన్ గొప్పతనం. 1980, 90లలో వచ్చిన కొన్ని నమూనాల్లో ఈ సౌలభ్యం లేదు. ప్లాస్టిక్ పళ్లచక్రాలు ఇరుసు దగ్గర చీలిపోతాయి. పట్టాపై నడుస్తూ టక్కుటక్కుమని చప్పుడు చేసే ఇంజిన్‌లో లోపం చాలాసార్లు అదే.

కొన్ని ఇంజిన్లలో పట్టు కోసం చక్రాలకు తొడిగిన రబ్బరు పట్టీలు ఎండి రాలిపోతాయి. అవి చవకే, మార్చుకోవచ్చు. గడ్డకట్టిన పాత నూనెను తుడిచి, కుట్టుమిషను నూనె సూదిమొనతో ఒక్కొక్క చుక్క వేస్తే సగం ‘చెడిపోయిన’ ఇంజిన్లు లేచి కూర్చుంటాయి. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది జిగురుగా మారుతుంది.

ట్రై-యాంగ్ కాలపు చక్రాల అంచులు లోతైనవి. నేడు దొరికే సన్న రకం పట్టాలపై అవి మేకులకు తగులుతూ ఎగురుతాయి. అంగుళంలో పదోవంతు ఎత్తున్న పట్టాలు, అంటే కోడ్ 100 అనే రకం, తీసుకుంటే ఇబ్బంది ఉండదు.

కరెంటుతో చెలగాటం వద్దు

ఇంజిన్‌తో పాటు పాత ట్రాన్స్‌ఫార్మరును కూడా కలిపి ఇస్తామంటారు. బ్రిటన్‌వి అయితే మన 230 వోల్టులకు సరిపోతాయి. అమెరికావి 120 వోల్టులకు చేసినవి. నేరుగా గోడ ప్లగ్గుకు పెడితే పొగ వచ్చేది ఇంజిన్ నుంచి కాదు. అసలు దేశమేదైనా యాభై, అరవై ఏళ్లనాటి ట్రాన్స్‌ఫార్మరు తీగలపై రబ్బరు పొర పెళుసుబారి ఉంటుంది. దాన్ని అలమరాలో అలంకారంగా పెట్టుకుని, నడపడానికి కొత్తది కొనాలి. పిల్లలున్న ఇంట్లో ఇందులో రాజీ పనికిరాదు. పాత రేకు బొమ్మల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున పసిపిల్లల నోటికి అందనివ్వరాదు.

నిజంగానే నీళ్లు మరిగించి ఆవిరితో నడిచే నమూనాలు కూడా ఉన్నాయి. అవి ముచ్చటగా ఉంటాయి. కానీ పాత బాయిలరును ఒత్తిడి పరీక్ష చేయకుండా వెలిగించడం ప్రమాదం. మొదటి కొనుగోలుగా అది తగదు.

ధర ఒకటి, ఇంటికి చేరే ఖర్చు ఒకటి

మన దేశంలో పాత నమూనా ఇంజిన్ల బజారు బహుస్వల్పం. ఎక్కువ సరుకు బ్రిటన్, జర్మనీల నుంచే రావాలి. పాత నమూనాల కొనుగోలు, అమ్మకాల్లో పేరున్న బ్రిటన్ దుకాణం హాటన్స్ 2024లో మూత వేస్తున్నట్లు ప్రకటించింది. దీంతో విడి వ్యక్తులు అమ్మే వేలం వెబ్‌సైట్లపై ఆధారపడటం పెరిగింది. అక్కడ పరిశీలన బాధ్యత పూర్తిగా కొనేవారిదే.

సుంకం లెక్క ముందే వేసుకోవాలి. బొమ్మలపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. నమూనా రైళ్లు కూడా బొమ్మల పద్దులోనే వస్తాయి. వ్యక్తిగత వాడకానికి తపాలాలో వచ్చిన వస్తువుగా పరిగణిస్తే లెక్క వేరుగా ఉంటుంది. దీనికితోడు పిల్లల బొమ్మలకు 2021 నుంచి బీఐఎస్ గుర్తు తప్పనిసరి. ఆ వివాదంతో పార్సిలు కస్టమ్స్‌లో నిలిచిపోయే వీలుంది. ఆర్డరు పెట్టే రోజున అమల్లో ఉన్న రేటును కొరియరు సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. విదేశాల నుంచి సెలవులకు వచ్చే బంధువులుంటే సామానులో తెప్పించుకోవడం తేలిక. సుంకం లేని పరిమితి ఎంతో వారు కూడా చూసుకోవాలి.

అట్టపెట్టె ఉందా లేదా అన్నదానిపై ధర ఎంతో మారుతుంది. అసలు పెట్టె, అసలు రంగు, అసలు రసీదు ఇవన్నీ దాచుకునేవారికి విలువైనవి. నడుపుకునేవారు వాటికి డబ్బు పెట్టడం దండగ. కొత్తగా అచ్చువేసిన పెట్టెలను పాతవిగా అమ్మేవారూ ఉన్నారు.

ఇంటికి చేరాక శత్రువు చెమ్మ. పాత స్పాంజిలో చుట్టి ఉంచితే అది కరిగి రంగుకు అతుక్కుంటుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, మూత బిగుతైన డబ్బాలో నేలకు ఎత్తున ఉంచాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జిల్లాలో చేసిన బీభత్సం చూసినవారికి నేలకు ఎత్తున ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఒళ్లు మన దగ్గరే

1:48 దారి ఎంచుకున్నవారికి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. బాయిలరు, పొగగొట్టం, ఆవిరి గుమ్మటం అన్నీ గుండ్రని ఆకారాలే. అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులద్దే ఏటికొప్పాక పనితనం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. కొలతలతో గీత గీసి ఇస్తే బాయిలరు, గొట్టం తరిణెపై తీయించుకోవచ్చు. గుమ్మటం, గంట వంటి లోహ భాగాలకు మన జిల్లాలోనే బుడితి ఉంది. ఇత్తడి, కంచు పోతలో తరతరాల అనుభవం అక్కడిది. డ్రైవరు గది గోడలను పలుచని ఇత్తడి రేకుతోగానీ ప్లాస్టిక్ రేకుతోగానీ ఇంట్లోనే కత్తిరించుకోవచ్చు. కర్ర లోపల మోటారుకు చోటు తొలచడం, బరువు కోసం సీసం ముక్క అమర్చడం మరిచిపోకూడదు. బరువు చాలని ఇంజిన్ చక్రాలు తిప్పుతుందే గానీ పెట్టెలను లాగదు.

చోటు సంగతి కూడా లెక్కకట్టాలి. 200 మీటర్ల స్టేషన్ ఆవరణ 1:87లో 2.3 మీటర్లవుతుంది. 1:48లో నాలుగు మీటర్లు దాటుతుంది. చిన్న గది ఉన్నవారు స్టేషన్‌ను కొంత కుదించుకోక తప్పదు. నమూనా రైళ్లను పెద్ద ఎత్తున చూడాలనుకునేవారు పుణెలో 1998లో ప్రారంభమైన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియానికి ఒకసారి వెళ్లిరావచ్చు. కొనేముందు చూస్తే ఖర్చు తగ్గుతుంది.

అయితే ఒంటికి కొలతలు ఎక్కడివి? పాత రైల్వే ఉద్యోగుల ఇళ్లలో, పెళ్లి ఆల్బముల్లో, స్టేషన్ ముందు దిగిన బృంద చిత్రాల్లో ఈ ఇంజిన్ వెనకగానైనా కనిపించే అవకాశం ఉంది. ఆ ఫొటోలు కూడా చెమ్మకు, చెదలకు లోనవుతున్నాయి. ఇంజిన్ పక్కన మనిషి నిలబడిన ఫొటో దొరికితే ఆ మనిషి ఎత్తే కొలబద్ద. అతను అయిదున్నర అడుగులనుకుంటే పొగగొట్టం ఎత్తు, బాయిలరు లావు, చక్రాల మధ్య దూరం అన్నీ దామాషాలో తేలుతాయి. ఫొటోను పక్క నుంచి తీసి ఉంటే లెక్క మరింత కచ్చితం. అందులో చక్రాలు ఎన్నో, ఏవి పెద్దవో, ఏవి చిన్నవో ముందు లెక్కపెట్టుకుని, ఆ తరువాతే సరిపోయే అడుగుభాగం కోసం విదేశీ వేలాలు చూడాలి.